ఏటి నుంచి కొండ దాకా

ముందే చెబుతున్నాను అబాలో, వరస తప్పితే నన్ను పట్టుకోకు. ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో ఈమధ్య నాకు కలగాపులగమైపోతోంది. పొద్దున పొయ్యి మీద ఏం పెట్టానో మధ్యాహ్నానికి గుర్తుండదు. కానీ ఆ పిల్ల చేసిన పని మాత్రం గుర్తుంది. చచ్చేదాకా ఉంటుంది.

ఏ పిల్లా? ఇంకెవరు, ఆటిమ్! నా మనవరాలు. ఆఁ ఆఁ, మన మనవరాలే. టీచరుద్యోగం వచ్చిన రోజున నీ మనవరాలు, ఊరంతా పిలిచి కోడిని కూడా కోశావు. ఇట్లాంటి పని చేసిన రోజున మాత్రం నా మనవరాలు. ఒక్క మగాడికి ఇద్దరం వండిపెట్టాం సవతీ, నీ లెక్కలు నాకు తెలియవా?

ఆ చేట ఇటు జరుపు. శెనక్కాయలు నేనూ ఒలుస్తాను. ఉత్త చేతులతో కూర్చుంటే నాకు మాట రాదు.

ఉప్పు కోసం వచ్చాననుకున్నావు కదూ? ఉప్పూ కావాలి. కానీ ఉప్పు కోసమే రాలేదు. చెబుతాను, తొందరపెట్టకు.

రేపు భూమి కమిటీ వాళ్లు వస్తున్నారు, తెలుసుగా? మన పాత ఊరు టేయాకి. ఏటి దగ్గర కారు దిగి కొండ దాకా నడుస్తారట. "ఏటి నుంచి కొండ దాకా ఎవరెవరి ఇళ్లుండేవో వరసగా చెప్పమ్మా" అంటారట. నేను చెప్పిన చోట సమాధులూ, గాదెల కింది రాళ్లూ కనబడితే ఆ నేల మనది. కనబడకపోతే చెరకు వేస్తామని తిరుగుతున్నారే, ఆ కంపెనీ వాళ్లది. అంతే. ఇంకో మాట లేదు.

ఇక్కడ చూస్తే, ఈ పబిటాలో మన గుడిసెల కింద నేల మనది కాదు. యుద్ధం అయిపోయింది, క్యాంపు ఎత్తేశారు, ఇంకా ఎందుకున్నారు పొండి, అంటున్నాడు నేలగలవాడు. పోవడానికి టేయా ఉండాలిగా! వచ్చే ఏడు పోదాం, వచ్చే ఏడు పోదాం అంటూనే ఉన్నాం. బడి ఇక్కడ, ఆసుపత్రి ఇక్కడ, బోరింగు ఇక్కడ అని కూర్చున్నాం. మనం కూర్చుంటే గడ్డి కూర్చుంటుందా? పెరిగింది. మన వాకిళ్లలో ఏనుగు దాక్కునేంత పెరిగింది.

సరే, ఆటిమ్ సంగతి కదా చెబుతున్నాను.

దానికి నాలుగో తరగతి ఇచ్చారు. సోషల్ చెప్పమన్నారు. నాలుగో తరగతి సోషల్ అంటే ఏమిటనుకున్నావు? మన జిల్లా. మన కొండలు, మన ఏళ్లు, మన ఊళ్లు. ఏ జిల్లా పిల్లలు ఆ జిల్లా సంగతి చదవాలి. బాగానే ఉంది. కానీ మన జిల్లాని పాత జిల్లాలోంచి కోసి మొన్నమొన్ననే కదా వేరుపెట్టారు! ఆఫీసుకి బోర్డు కట్టినంత సులువుగా పుస్తకం వస్తుందా? రాలేదు. హెడ్మాస్టరుగారేమన్నాడు? "ఆన్‌లైన్‌లో అన్నీ ఉంటాయి టీచర్, వెతుక్కో" అన్నాడు. ఆయనకేం, అనేశాడు. తిని చెయ్యి కడుక్కున్నట్టు.

వెతకాలంటే పుట్టెక్కాలి. ఇంటి వెనక ఆ పెద్ద చెదపుట్ట మీద తప్ప ఆ ఫోనుకి ఎక్కడా సిగ్నల్ అందదు. రోజూ బడి నుంచి రావడం, గౌను మోకాళ్ల దాకా ఎత్తి కట్టుకోవడం, పుట్ట మీద గొంతుక్కూర్చోవడం. చెయ్యి పైకెత్తి, ఫోను అటు తిప్పి, ఇటు తిప్పి. దారిన పోయేవాళ్లు "ఏం టీచరమ్మా, వానని పిలుస్తున్నావా?" అని అడిగేవాళ్లు.

"నాయనమ్మా, ఒక్క పేజీ తెరుచుకునేలోపు నెట్ అయిపోతోంది" అని ఏడుపు. "తెరుచుకున్నా అందులో మన ఊరు లేదు నాయనమ్మా. ఎవరెవరివో ఊళ్లు ఉన్నాయి."

మొదట దొరికింది ఆ చేపల పాఠం. నీకు గుర్తుందిగా? దక్షిణాన సరస్సు పక్క జిల్లా టీచరెవరో పెట్టిన పాఠం. బొమ్మలు, ప్రశ్నలు, అన్నీ ఉన్నాయట. మన పిల్ల ఆ జిల్లా పేరు తీసేసి మన జిల్లా పేరు పెట్టి బోర్డు మీదికి ఎక్కించింది. చేపలు తియ్యడం మరిచిపోయింది!

లమారో ఇంటికొచ్చి ఒప్పజెప్పింది. నీ కూతురి కూతురు, అబద్ధమాడదు. "మా జిల్లా ప్రజలు సరస్సులో చేపలు పట్టి జీవిస్తారు. మా ముఖ్య ఆహారం అరటికాయ ముద్ద." నేను కూరకి మలక్వాంగ్ ఆకు దూస్తున్నాను. చేతిలో ఆకు చేతిలోనే ఉండిపోయింది.

"ఏదే సరస్సు?" అన్నాను.

"బోరింగు వెనక వానకి నిండుతుంది చూడు అవ్వా, అదే అయ్యుంటుంది" అంది.

నవ్వావు నువ్వు. నవ్వి నవ్వి పొరబోయి, నేనే నీ వీపు తట్టాల్సొచ్చింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. వచ్చిందేమో కొంచెం. తర్వాత రాలేదు.

ఆ సాయంత్రమే ఆటిమ్‌ని అడిగాను. "ఏమే, మీ హెడ్మాస్టరు పుట్టెక్కమన్నాడు సరే, నేను పుట్ట కిందే ఉన్నాగా? టేయా గురించి నన్నడగొచ్చుగా?" అని.

అదేమందో తెలుసా? పాఠం ప్లానులో ఆఖర్న ఒక గడి ఉంటుందట. ఆధారం అని. ఏ పాఠమైనా ఎక్కడి నుంచి తెచ్చారో అందులో రాయాలట. "ఫలానా వెబ్‌సైటు అని రాస్తే హెడ్మాస్టరుగారు సంతకం పెడతారు నాయనమ్మా. మా నాయనమ్మ చెప్పింది అని రాస్తే నవ్వుతారు" అంది. కోపంగా కూడా అనలేదు. ఉప్పు తక్కువైంది అన్నట్టు చెప్పింది.

చూశావా? దాన్ని మోసింది నేను. క్యాంపులో జ్వరమొస్తే తడిగుడ్డ వేసి రాత్రంతా కూర్చుంది నేను. దాని తల్లి పోతే తలకి నూనె రాసింది నేను. గడిలో రాయడానికి మాత్రం పనికిరాను. ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు పనికొస్తాడు.

అయినా దాన్ని అని ఏం లాభం? ఇంటికి దూరంగా పుట్టిందని ఆటిమ్ అని పేరు పెట్టాం. నువ్వే పెట్టావు. టేయా దానికెట్లా తెలుస్తుంది? మన చిన్నప్పుడు సాయంత్రం మంట చుట్టూ కూర్చోబెట్టి తాత చెప్పేవాడు, ఈ గట్టు వీళ్లది, ఆ వాగు వాళ్లది, ఫలానా రాయి దగ్గర ఫలానావాణ్ణి చిరుత పట్టుకుంది అని. క్యాంపులో మంట వేస్తే సిపాయిలు వచ్చి తన్ని ఆర్పేవాళ్లు. మంట లేదు, మాట లేదు. పిల్లలు చీకట్లో పెరిగారు. ఇప్పుడు వెలుగంటే ఫోనులోదే వాళ్లకి.

ఇప్పుడు ఏం చెబుతున్నాను నేను?

ఆఁ, తల్లిదండ్రుల రోజు. కాదు కాదు, దానికి ముందు మ్యాపు. ముందు మ్యాపు దొరికింది, తర్వాత తల్లిదండ్రుల రోజు. చెప్పానా లేదా, వరస తప్పుతుందని.

ఒకరోజు పుట్ట మీద నుంచి కేక. పాము కరిచిందేమో అని పరుగెత్తాను, ఈ మోకాళ్లేసుకుని. అది పుట్ట మీద నిలబడి గెంతుతోంది. "టేయా ఉంది నాయనమ్మా! మ్యాపులో టేయా అని రాసి ఉంది!"

నాకూ ఒళ్లు పులకరించింది, అబద్ధమెందుకు. మన ఊరి పేరు ఎక్కడో గాలిలో ఉండటం, దాన్ని ఈ పిల్ల పుట్టెక్కి కిందికి దింపడం. చిన్న సంగతా?

మైదా సంచీ ఒకటి కోసి, ఉతికి, కర్రలకి బిగించి, దాని మీద ఆ మ్యాపు గీసింది. మూడు సాయంత్రాలో నాలుగో పట్టింది. ఏరు నీలం, కొండ గోధుమరంగు. నేను రంగు కలిపిచ్చాను. గీస్తుంటే సరిగ్గా చూశానా? చూడలేదు. నా కళ్లకి దగ్గరివి ఆనవు. బడిలో గోడకి తగిలించాక, దూరం నుంచి చూశాను.

సరే, ఇప్పుడు తల్లిదండ్రుల రోజు.

నువ్వూ నేనూ ముందు బెంచీలోనే కూర్చున్నాం. పెద్దమనుషులు వచ్చారు. తెల్ల కారులో నలుగురు. ఒకాయన భూమి ఆఫీసు, పక్కన చెరకు కంపెనీ వాళ్లు, బడికి బెంచీలు ఇస్తామని వచ్చారు. బెంచీలెందుకిస్తారు ఎవరైనా ఊరికే?

లమారోని లేపింది ఆటిమ్. చేతికి కర్ర ఇచ్చింది. పిల్ల ఎంత ముద్దుగా చెప్పిందో! "ఇది పబిటా. ఇది మా బడి. ఇది బోరింగు. బోరింగు పక్కన టేయా. ఇది ఏరు. ఇది కొండ. ఏటికీ కొండకీ మధ్య ఎవరూ ఉండరు."

చప్పట్లు. నువ్వు కొట్టినంత గట్టిగా ఎవరూ కొట్టలేదు. ఎందుకు కొట్టావు, మనవరాలు ఇంగ్లీషులో గడగడా చెప్పేసింది అని కొట్టావు. ఏం చెప్పిందో నీకు తెలియదు కదా. నిన్ను అనడం లేదు. నాకు తెలిసి నేనేం బావుకున్నాను? సాయంగా ఇచ్చిన నూనె డబ్బాల మీద అక్షరాలు చూసి చూసి ఎవరూ చెప్పకుండా చదువు నేర్చుకున్నాను. క్యాంపులో నన్ను చూసి అందరూ నవ్వేవాళ్లు, డబ్బా చదివి ఏం చేస్తావే, నూనె తాగు అని. ఆ చదువు ఆ రోజు పనికొచ్చింది. సంచీ మీద నేనే చదివాను. బోరింగు పక్కన 'టేయా'. మన వాకిళ్లుండే చోట, మన ఆయన పడుకున్న చోట, 'జనం లేని నేల'.

ఎందుకట్లా రాశారో అర్థమైందా? క్యాంపులో పిండి పంచేటప్పుడు ఊరి పేరుతో వరస కట్టేవాళ్లం కదా. పలకలు పాతారు. బోరింగు దగ్గర మన పలక. టేయా వాళ్లు ఇటు, అని. ఆ రోజుల్లో మ్యాపు గీసినవాళ్లు వచ్చి పలక చూశారు, రాసుకున్నారు, పోయారు. టేయా అంటే పలకనుకున్నారు. మన వాకిళ్ల వైపు తుపాకుల భయానికి ఎవరు పోతారు? చూడనిదాన్ని ఖాళీ అని రాశారు. తప్పు వాళ్లదా? క్యాంపుని టేయా అని మనమే పిలుచుకున్నాం. "ఎక్కడికే?" అంటే "టేయాకి, పిండి తెచ్చుకోవడానికి" అనేవాళ్లం. ఊరు లేకపోయినా పేరన్నా నోట్లో ఉండాలని. నోట్లో ఉన్న పేరు పోయి బోరింగుకి అంటుకుంది.

ఆ భూమి ఆఫీసాయన చెరకాయన వైపు చూసి నవ్వాడు. చిన్న నవ్వు. "పిల్లలకి కూడా తెలుసు" అన్నాడు. పుండు మీద కారం.

నేను లేచాను. నువ్వు నా గౌను పట్టుకుని లాగావు, గుర్తుందా? కూర్చోవే, పిల్ల పరువు పోతుంది అన్నావు. నేను కూర్చోలేదు.

"అయ్యా, అది ఖాళీ నేల కాదు, నా అత్తిల్లు" అన్నాను.

కొందరు నవ్వారు. ఆయన నవ్వలేదు, చాలా మర్యాదగా మాట్లాడాడు. ఆ మర్యాదే నాకు నచ్చలేదు. "మంచిదమ్మా. కమిటీ నడిచే రోజున రండి. ఏటి నుంచి కొండ దాకా ఎవరెవరి ఇళ్లో చెప్పండి. మేము రాసుకుంటాం. ఏదైనా ఆధారముంటే తీసుకురండి" అన్నాడు.

ఆధారం! మళ్లీ ఆ గడే. ఎక్కడికి పోయినా ఆ గడి నా ముందే ఉంటోంది.

ఇంటికొచ్చాక ఆటిమ్ అన్నం ముట్టలేదు. సంచీని చుట్టి పొయ్యి దగ్గర పడేసింది. కాల్చేస్తా నాయనమ్మా అంది. నేను వద్దన్నాను, మంచి సంచీ. కానీ తిట్టాను. ఎంత తిట్టానో నువ్వు నీ గుడిసెలోంచి వినే ఉంటావు. నా మొగుడి సమాధి మీద చెరకు నాటించావు కదే, పిల్లల చేత పాఠం చెప్పించి మరీ నాటించావు కదే, అన్నాను. అది ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ముక్కు తుడుచుకుని, "నాయనమ్మా, ఆ మ్యాపుని ఎవరైనా దిద్దొచ్చు" అంది.

"ఎవరైనా అంటే?"

"ఎవరైనా. నేను దిద్దొచ్చు. నువ్వు చెబితే నేను పెడతాను. ఆధారమనే చోట నీ పేరు రాస్తాను."

అబాలో, నిజం చెబుతున్నా, ఆ మాటకి నా గుండె ఉబ్బింది. నా పేరు. గడిలో. ఇన్నేళ్లకి ఎవరో నన్ను అడిగారు.

నిన్ను పిలవలేదు, అవును. అందుకే మూతి ముడుచుకున్నావు ఆ వారమంతా. పిలవాల్సింది. ఇద్దరం వెళ్లాం టేయాకి కోడళ్లుగా, ఇద్దరం వచ్చాం నెత్తిన చాపలతో. కానీ నేను పెద్దదాన్ని, నేను చదివేదాన్ని, నాకన్నీ తెలుసు అనుకున్నాను. నీ మోకాళ్లు బాగోలేవులే, ఎందుకు శ్రమ అని నాకు నేనే చెప్పుకున్నాను. శ్రమ కాదు. గడిలో రెండు పేర్లు ఉండటం ఇష్టం లేక.

దులపరించుకుని లేవకు. విను.

వాకిట్లో పీట వేసుకుని కూర్చున్నాను. అది ఫోను పట్టుకుని ఎదురుగా. "కళ్లు మూసుకో నాయనమ్మా, నీళ్ల దగ్గర నుంచి మొదలుపెట్టి నడువు. ఎవరిల్లు వస్తే వాళ్ల పేరు చెప్పు" అంది. కళ్లు మూసుకున్నాను. నడిచాను. అబ్బ, ఎంత తేలిగ్గా వచ్చాయో! ఒక్కచోట ఆగలేదు. నీళ్లు దాటగానే ఒలాన్యా ఇల్లు. తర్వాత కొమాకెచ్. తర్వాత లటీగో. తర్వాత ఓర్యెమ్. అన్నిటికన్నా చివర మనం. అది టకటకా నొక్కుకుంది. "చాలా బాగా గుర్తుంది నాయనమ్మా నీకు!" అంది. నేను నీ గుడిసె వైపు చూసి మరీ నవ్వాను. మతిమరుపు ముసలిదంటారు కదా నన్ను, చూసుకోండి, అని.

అది పుట్టెక్కి పైకి పంపింది. 'జనం లేని నేల' పోయింది. ఐదిళ్లు వచ్చాయి. ఏటి నుంచి కొండ దాకా, చుక్కచుక్కకీ పేరు. కింద ఆధారం: టేయా పెద్ద, లాకోత్. నాకు చూపించింది. నా పేరు మీద వేలు పెట్టి చూసుకున్నాను. వేలు పెడితే అది పెద్దదైంది.

తర్వాత ఆగిందా? హెడ్మాస్టరుగారు కాగితం మీద తీయించాడు. పక్క బడుల టీచర్లు పాఠాలకి తీసుకున్నారట. "మన జిల్లా మీద ఆన్‌లైన్‌లో ఉన్న ఒక్క మంచి పాఠం ఇదే" అన్నారట. కమిటీ వాళ్లకి కూడా ఒక కాపీ పోయింది. రేపు ఆ కాగితం చేత్తో పట్టుకునే నడుస్తారు. చెట్టు పేరు చెప్పుకుని కాయలమ్ముకునేవాళ్లని చూశాం, నేను నా పేరు చెప్పుకుని...

ఆగు. ఆ చెంబిటు ఇవ్వు.

పొద్దున నీ దగ్గరకి బయలుదేరాను చూడు, ఉప్పుకే. నిజంగా ఉప్పుకే బయలుదేరాను. బోరింగు దగ్గర ఆడవాళ్లు డబ్బాలు పెట్టుకుని నిలబడ్డారు. ఎవరో కొడుతున్నారు, ఆ హ్యాండిలు కీచుమంటోంది. నేను పక్కనుంచి వస్తున్నాను. బోరింగు పక్క గుడిసెలోంచి ఒలాన్యా కొడుకు బయటికొచ్చాడు, పళ్లు తోముకుంటూ. "బాగున్నావా పెద్దమ్మా?" అన్నాడు.

నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

బోరింగు. పక్కన ఒలాన్యా. దాని పక్క గుడిసె, ఇప్పుడు కూలిపోయింది, కొమాకెచ్‌ది. తర్వాత లటీగోది. తర్వాత ఓర్యెమ్. చివరాఖర్న, మురుగు కాలవ పక్కన, క్యాంపు రోజుల్లో మనది.

ఏం, ఒలవడం ఆపేశావేం?

నీళ్ల దగ్గర మొదలుపెట్టమంది ఆ పిల్ల. మొదలుపెట్టాను. ఏ నీళ్లు అబాలో? ఏ నీళ్ల దగ్గర మొదలుపెట్టాను నేను?

ఒలాన్యా ఏటి దగ్గర ఉండటమేమిటి! కొండ మీద నిలబడి వేటకొమ్ము ఊదేవాడు కదా వాడు. వాడి కొమ్ము వినబడితే ఏట్లో బట్టలుతుకుతున్న మనం తల పైకెత్తి చూసేవాళ్లం కదా. వాడిది కొండ కింద ఇల్లు. ఏటి ఒడ్డునే ఉన్నది మనం! యా చెట్టు కింద. యా కింద ఉందనేగా ఊరికి టేయా అని పేరు. ఆ గింజలేగా నువ్వూ నేనూ ఏరుకుని, నూనె నాదంటే నాదని జుట్లు పట్టుకున్నది. ఆయన్ని ఆ చెట్టు కిందేగా పెట్టాం.

దాన్ని తిరగేశాను. మొత్తం ఊరిని తిరగేసి పెట్టాను. ఆటిమ్ ఫోనులో దొరికినదాన్ని నమ్మి టేయాని బోరింగు దగ్గర పెట్టింది. నేను? నేను బోరింగునే ఎత్తుకుపోయి టేయాలో పెట్టాను. దానికైతే క్యాంపులో పుట్టానన్న సాకుంది. టేయాలో ఇరవై పంటలు కోసిన నాకేం సాకుంది?

రేపు ఏమవుతుందో చెప్పు. ఆ మర్యాదస్తుడు కాగితం పట్టుకుని కొండ కిందికి తీసుకుపోతాడు. "అమ్మా, మీ వాకిలి ఇక్కడ కదా, మీ ఆయన సమాధి చూపించండి" అంటాడు. అక్కడ సమాధెక్కడుంది? "కాదయ్యా, ఏటి దగ్గర" అంటే, "మీ పేరుతోనే ఉందే ఇక్కడ, మరి ఇది ఎవరు చెప్పారు?" అంటాడు. నవ్వడు. అదే నా భయం. నవ్వకుండా రాసుకుంటాడు. సాక్షికి మతి లేదు, అని.

ఆటిమ్‌కి చెప్పాలా? చెబితే పుట్టెక్కుతుంది, దిద్దుతుంది. దిద్దితే "చూడండి, వారానికో రకంగా మారుస్తున్నారు" అంటారు. కాపీలు పోయాయిగా, వాటిని ఎవరు దిద్దుతారు? పక్క బడి పిల్లలు ఇప్పటికే కంఠస్థం పట్టి ఉంటారు, మన పిల్లలు చేపలు పట్టినట్టే. మింగలేను, కక్కలేను. గడిలోకి ఎక్కాలని ఎంత ఆశపడ్డాను! ఎక్కాను. దిగడమెట్లా?

ఇంకో సంగతి చెప్పనా? ఇది ఎవరికీ అనకు. నాకు భయమేస్తున్నది వాళ్లని చూసి కాదు. బోరింగు నుంచి నీ గుమ్మం దాకా వస్తూ, ఏటి దగ్గర నుంచి మళ్లీ నడిచి చూసుకున్నాను, మనసులో. ఏరు వస్తోంది. చెట్టు వస్తోంది. మన వాకిలి వస్తోంది. అక్కడి నుంచి అడుగేస్తే మురుగు కాలవ వస్తోంది. తోసేసినా వస్తోంది. కొండ దగ్గర ఒలాన్యా వస్తున్నాడు, కొమ్ముతో. మధ్యలో ఉన్నవాళ్లు రావడం లేదు. ఆ ముగ్గురూ గుడిసెల్లోనే కూర్చుని కదలనంటున్నారు.

అందుకు వచ్చాను. ఉప్పుకి కాదు. రేపు నువ్వు కూడా నడవాలి. మోకాళ్లంటావా, వీపున మోస్తాను. నవ్వకు, నిజంగా మోస్తాను, ఇన్నేళ్లు నెత్తిన మోశాను కదా.

నా సంతోషం కోసం అవునవును అనకు. నీకు తెలిస్తేనే చెప్పు. నీకూ బోరింగే వస్తుంటే అదీ చెప్పు. అప్పుడింక చేసేదేముంది, చెరకు తియ్యగానే ఉంటుంది.

కళ్లు మూసుకో. ఏరు దాటావు. తడికాళ్లతో గట్టెక్కావు. కుడిచేతి వైపు యా చెట్టు, కింద ఆయన. మన వాకిలి, నీ పొయ్యి ఇటు, నా పొయ్యి అటు. తర్వాత... లటీగోనా? లటీగో గాదె మీదే కదా మన కోళ్లు ఎక్కేవి. లేక అది ఓర్యెమ్‌దా? తర్వాత కొమాకెచ్. కొండ కింద ఒలాన్యా. ఈ పేర్లు ఒక్కసారి సరిచూడవే.

ఫోనులో చూడనివ్వకు. అందులో ఉన్నది నేనే.